ముప్ఫై తొమ్మిది వ్యాగన్ల లెక్క

మళ్ళీ ఆలస్యమేనట, విన్నావా లోటార్? ఇందాక ఇరవై నిమిషాలన్నారు. ఇప్పుడు ముప్ఫై అయిదయింది. కారణమేమిటయ్యా అంటే, ముందు వెళ్ళే బండి ఆలస్యమట! ఆ ముందు బండి ఎందుకు ఆలస్యం? దాని ముందు బండి వల్ల. అలా వెతుక్కుంటూ పోతే ఆదాము ఎక్కిన బండి దగ్గర తేలతాం.

నవ్వవేం? ఎగోన్ ఉంటే నవ్వేవాడు. ఈ బెంచీ మీద, ఈ ప్లాట్‌ఫారం కొసన, మీరిద్దరూ కూర్చుని నవ్వుకుంటుంటే అవతలి ప్లాట్‌ఫారం వాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. నా మొగుడు పోయి ఎనిమిది నెలలైంది. ఆయన చోట్లో నేను కూర్చుంటున్నాను. ఏం లాభం, నాకు ఇంజన్లు గుర్తుపట్టడం రాదు. ఎర్రది, ఆకుపచ్చది, అంతే నా చదువు.

ఆగు, ఆ గూడ్సు పోనీ. నంబరు రాసుకో. రాశావా? సరే.

ఇప్పుడు ఈ సంచి చూడు. నీదే. అవును, నీ ఇంట్లోంచే తెచ్చాను. మీ ఇంటి రెండో తాళంచెవి మా వంటింటి మేకుకు వేలాడుతూనే ఉంది కదా, యాభై ఏళ్ళుగా. నువ్వు రొట్టెల దుకాణానికి వెళ్ళినప్పుడు వెళ్ళి సర్దాను. రెండు చొక్కాలు, బీపీ మాత్రలు, పళ్ళ బ్రష్షు, ఉన్ని మేజోళ్ళు. పక్క జేబులో టికెట్ ఉంది. మీ అన్న ఉండే ఊరికి, హాలెకి. ఇదిగో, ఈ ఆలస్యమవుతున్న బండికే.

అలా చూడకు నన్ను. దొంగతనంగా వెళ్ళాను, ఒప్పుకుంటున్నాను. నిన్న సాయంత్రం కూడా నువ్వు ఫోన్ పెట్టేశావట. మార్లీస్ ఏడుస్తూ నాకు చేసింది. మీ వదినే కదయ్యా ఆమె! "ఈ రోజో రేపో అంటున్నారు డాక్టర్లు, ఆర్నోకి మాట పడిపోయింది, తమ్ముణ్ణి ఒక్కసారి రమ్మనండి" అంది. ఒక మనిషి చావు కబురు ఇలా పక్కింటి ముసలిదాని ద్వారా రావలసిన ఖర్మేమిటి మీకు?

నాకు తెలుసు నువ్వేమంటావో. యాభై ఏళ్ళ కిందటే నాకు అన్న చచ్చిపోయాడు అంటావు. అదేగా? పాఠం అప్పజెప్పినట్టు అదే మాట.

కాఫీ తాగు ముందు. ఫ్లాస్కులో ఉంది. ప్లమ్ కేకు కూడా తెచ్చాను, నీకిష్టమని పైన పొడి ఎక్కువ వేశాను. వద్దా? సరే, ఇక్కడ పెడతాను.

తొందర లేదులే. ముప్ఫై అయిదు నిమిషాలుంది. ఈ దేశంలో బళ్ళు ఆలస్యంగా నడవడం ఒక్క రోజుకైనా పనికొచ్చింది నాకు. అదే స్విట్జర్లాండ్ అయితేనా, ఈపాటికి బండి వచ్చి, నిన్ను వదిలేసి, వెళ్ళిపోయి ఉండేది. నాకు మాట్లాడ్డానికి టైమే దొరికేది కాదు.

గుర్తుందా నా మార్కుల పుస్తకం? దేశాన్ని రెండుగా చీల్చిన ఆ గోడ పడిపోయాక, పాస్‌పోర్టులు చేతికొచ్చాక, ప్రతి వేసవిలో ముగ్గురం రైళ్ళెక్కి తిరిగేవాళ్ళం. మీరిద్దరూ ఇంజన్ల నంబర్లు రాసుకుంటుంటే నాకు తోచక ఒక్కో దేశం రైళ్ళకి మార్కులు వేసేదాన్ని, నా మూడో తరగతి పిల్లలకి వేసినట్టు. వేళకి రావడం, పరిశుభ్రత, మర్యాద, తిండి. స్విట్జర్లాండ్‌కి ఒకటి. అంతకన్నా మంచి మార్కు మన స్కూళ్ళలో లేదు కదా! ఈ బండి దిగి నాలుగడుగులు వేస్తే అవతలి బండి తలుపు తెరుచుకుని నిలబడి ఉండేది. హాలండ్‌కి కూడా ఒకటే ఇద్దామనుకున్నాను, టైంటేబుల్ చూడక్కర్లేదు, ఒకటి పోతే పది నిమిషాల్లో ఇంకొకటి. కానీ సూట్‌కేసు పెట్టుకోవడానికి చోటుండదని రెండు చేశాను. పోలండ్‌కి తిండిలో ఒకటి. బండిలోనే బాణలి పెట్టి గుడ్లు వేయించి ఇచ్చారు, ఎగోన్ మూడుసార్లు తిన్నాడు. ఇంగ్లండ్‌లో ఆలస్యమైనప్పుడల్లా ఎంత ముద్దుగా క్షమాపణ చెప్పేవాళ్ళో! మర్యాదకి ఒకటి, వేళకి నాలుగు. పోర్చుగల్‌లో ఆ నది పక్కన నడిచే బండి నత్త కన్నా నయం, అంతే. కానీ కిటికీ కిందికి దిగేది. నువ్వు తల బయటపెట్టి, కళ్ళలో నీళ్ళు కారేదాకా గాలికి కూర్చున్నావు. "రోస్విటా, దీనికి మార్కు తగ్గించావో ఊరుకోను" అని బెదిరించావు. జైల్లో కిటికీ ఎత్తులో ఉండేదని అప్పుడే మొదటిసారి చెప్పావు. అంతకు ముందు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

మనవాళ్ళకి నాలుగు. కింద ఒక మాట రాశాను, "తెలివైనవాడే, శ్రద్ధ లేదు" అని. మీరిద్దరూ పగలబడి నవ్వారు.

ఇదంతా ఇప్పుడెందుకంటావా? చెబుతాను. నేను ఏదైనా మొదటి నుంచీ చెబితే తప్ప చెప్పలేను, అది నీకు తెలుసు. పిల్లలు కూడా విసుక్కునేవాళ్ళు.

స్విట్జర్లాండ్ మొదటిసారి వెళ్ళిన ఏడాది గుర్తు తెచ్చుకో. కిటికీ బయట సరస్సు. నేను కేకు కోస్తున్నాను. ఎగోన్ నిన్ను అడిగాడు, "రహస్య పోలీసుల పాత ఫైళ్ళు తెరిచారు కదా లోటార్, అందరూ దరఖాస్తు పెట్టి చదువుకుంటున్నారు, నువ్వు పెట్టవేం?" అని. నువ్వు సరస్సు చూస్తూ అన్నావు, "నన్ను పట్టించిందెవరో నాకు తెలుసు. మా అన్న పేరు టైపు కొట్టి ఉండగా చూడాలని లేదు" అని.

అప్పుడు ఎగోన్ నా వైపు చూశాడు. నేను కేకు కోయడం ఆపలేదు. ముగ్గురికి ఆరు ముక్కలు చాలు. పన్నెండు ముక్కలు చేశాను.

నువ్వు గమనించలేదు. నువ్వు మనుషుల్ని ఎప్పుడు గమనించావు గనక! అవతలి పట్టాల మీద ఏదో ఇంజను పోయింది, నంబరు రాసుకున్నావు.

ఆర్నోని ఎందుకు అనుమానించావో నాకు తెలుసు. ఎవరైనా అనుమానిస్తారు. సిగ్నల్ కేబిన్‌లో పనిచేసేవాడు, కోటుకు పార్టీ బిళ్ళ పెట్టుకునేవాడు, ఏ బండి ఎప్పుడొస్తుందో మీకు చెప్పింది కూడా వాడే. మరి నిన్ను పట్టుకెళ్ళారు, వాడి మీద ఈగ వాలలేదు. పైగా ఆ శీతాకాలంలోనే హాలెకి ప్రమోషన్ మీద వెళ్ళాడు. లెక్క సరిగ్గా సరిపోయింది. తప్పు లెక్కలు కూడా ఒక్కోసారి అలాగే సరిపోతాయి లోటార్, నలభై ఏళ్ళు పలకలు దిద్దినదాన్ని, నాకు తెలుసు.

అది ప్రమోషన్ కాదు. మార్లీస్ పోయిన వారమే చెప్పింది నాకు. తమ్ముడు జైల్లో ఉంటే అన్నకి సిగ్నల్ తాళాలు ఎవరిస్తారు? బిళ్ళ పీకేసి, హాలెలో గూడ్సు షెడ్డులో పార్సిళ్ళ మీద చీటీలు అంటించే పనికి తోలారు. రిటైరయ్యేదాకా జిగురు సీసా, కుంచె, అంతే. నీకు తెలియకూడదన్నాడట. "వాడి బాధలో నాది కలపొద్దు" అన్నాడట. ప్రతి క్రిస్మస్‌కీ నీకు ఉత్తరం రాసేవాడు, నువ్వు విప్పకుండా తిప్పి పంపేవాడివి. ఆ కవర్లన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు.

కాదు, కాదు, లేవకు. కూర్చో. "వాళ్ళు చెప్పేదంతా నమ్ముతావా" అంటావు. నేను నమ్మడం కాదు. నాకు తెలుసు. ఆర్నో కాదని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఎలాగంటే... కొంచెం ఆగు.

అప్పట్లో ఆదివారం సాయంత్రాలు నువ్వు మా ఇంటికి వచ్చేవాడివి. మీరిద్దరూ నోటుపుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకునేవాళ్ళు. కంటితో చూసిందే రాయాలి, ఒకరు చూసింది ఇంకొకరు ఎక్కించుకోకూడదు, అదీ మీ నియమం. ఎంత నిష్ఠ! ఇంజను చూస్తే చాలు, అది దేన్ని లాగుతోందో మీకు పట్టేది కాదు. పెళ్ళివాళ్ళనైనా, బొగ్గునైనా, రష్యా సైన్యాన్నైనా. ఆ రష్యా డీజిల్ ఇంజను, చెవులు పగిలేలా మోగేది, "తైగా డప్పు" అనేవాళ్ళు దాన్ని, అది ఒక పొద్దున వెళ్ళింది. నువ్వు నీ పద్ధతిలో నంబరు రాసి, పక్కన శుభ్రంగా రాసుకున్నావు, "ముప్ఫై తొమ్మిది వ్యాగన్లు, నాలుగేసి ఇరుసులు, టార్పాలిన్ కప్పినవి" అని. సైన్యం బండి లెక్క రాస్తే జైలన్న రోజుల్లో ఇంకెవరైనా అలా రాస్తారా? గూఢచారి కూడా రాయడు! నీకు మాత్రం అది వానపడిందని రాసుకున్నంత మామూలు.

ఆ ఆదివారం నీ పుస్తకం మా ఇంట్లోనే వదిలి వెళ్ళావు. ఎగోన్ అందులో అంచుల్లో పెన్సిల్‌తో దిద్దుతున్నాడు.

సోమవారం నాకు గుణకారం పాఠం ఉంది. పుస్తకంలో లెక్కలన్నీ బుట్టలో ఆపిళ్ళు, గూట్లో కోళ్ళు. పిల్లలకి నిద్రొచ్చేది. నిజం అంకెలు చూపిస్తే కళ్ళు విప్పుతారని నా నమ్మకం. అది మంచి నమ్మకమే లోటార్, ఇప్పటికీ అంటాను, మంచి నమ్మకమే.

అవును. నీ పుస్తకం బడికి పట్టుకెళ్ళాను.

బోర్డు మీద రాశాను. ఒక బండికి ముప్ఫై తొమ్మిది వ్యాగన్లు, ఒక్కో వ్యాగనుకి నాలుగు ఇరుసులు, మొత్తం ఎన్ని? చేతులన్నీ లేచాయి. కెర్‌స్టిన్ అని చిన్నపిల్ల, రెండు జడలు, ముందు బెంచీ. "టీచర్, టార్పాలిన్ కింద ఏముంది?" అని అడిగింది. ఆ మాట కూడా చదివేశాను కాబోలు. నేనేమన్నానో తెలుసా? "దాని కింద జవాబుంది, లెక్క చెయ్యి" అన్నాను. తరగతంతా నవ్వింది. నూట యాభై ఆరు. అందరికీ సరిగ్గా వచ్చింది.

పిల్ల ఇంటికెళ్ళి సంబరంగా చెప్పుకుంది. నాన్న యూనిఫాం వేసుకునేవాడు. పిల్ల తప్పేముంది? బళ్ళో జరిగింది ఇంట్లో చెప్పమని నేర్పేది మేమేగా.

బుధవారం హెడ్‌మాస్టరు గదికి రమ్మన్నారు. నోటుపుస్తకంతో సహా. ప్యూను గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నేను బల్ల సొరుగు తెరిచాను. ఒక్క నిమిషం దొరికింది. ఆ ఒక్క నిమిషంలో నేనేం చేశానో తెలుసా?

రబ్బరు తీసుకున్నాను.

ఎగోన్ పెన్సిల్ రాతలన్నీ తుడిచేశాను. పేజీ పేజీ తిప్పి. నీ రాత సిరాతో ఉంది, అది పోదు. పోయేదైనా తుడిచేదాన్నో లేదో, ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. తెలియదు. నాకు అయిదో నెల. మా పిల్ల ఆంకె కడుపులో తన్నుతోంది. రబ్బరు పొడి గౌను మీద పడితే దులుపుకుని వెళ్ళాను.

లోపల హెడ్‌మాస్టరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. కుర్చీలో ఇంకొకాయన. బూడిద రంగు కోటు, మర్యాదస్తుడు. నన్ను కూర్చోమన్నాడు, గర్భిణి కదా అని. "మంచి లెక్క టీచర్" అన్నాడు. "మీవారికి రైళ్ళ పిచ్చి ఉందటగా. ఈ రాత ఆయనదేనా?" అన్నాడు.

చూశావా, దారి ఎంత విశాలంగా వేశాడో. నాది అని చెప్పొచ్చు. దొరికింది అని చెప్పొచ్చు. కళ్ళు తిరిగి పడిపోవచ్చు, ఆ స్థితిలో ఎవరూ తప్పుపట్టరు. ఇవన్నీ తర్వాత తట్టాయి, వందసార్లు.

"కాదండీ, లోటార్ వెట్సెల్‌ది" అన్నాను. ఆయన కలం తీశాడు. వెట్సెల్ ఎలా రాయాలో కూడా చెప్పాను, ఒక్కో అక్షరం విడదీసి. టీచర్ని కదా.

...

ఏదైనా అను. తిట్టు. పుస్తకం మూసేశావు, సరే. కాఫీ కప్పు ఇటివ్వు, ఒలుకుతుంది.

పద్నాలుగు నెలలు. నీకు లేతు మిషను మీద ఉన్న చెయ్యి ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేదనేవాళ్ళు. తిరిగొచ్చాక మళ్ళీ దాని దగ్గరికి రానివ్వలేదు. చాక్లెట్ ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టావు, ముప్ఫై ఏళ్ళు. నిన్ను చేసుకుంటానన్న పిల్ల ఆగలేదు. అవన్నీ నాకు తెలుసు, నీకన్నా వరసగా తెలుసు. జైలు నుంచి వచ్చిన రోజు తిన్నగా మా ఇంటికే వచ్చావు. ఆంకెని ఎత్తుకుని, తలకిందులుగా తిప్పి, "దీనికి నంబరు ఎక్కడ కొట్టారే?" అన్నావు. నేను వంటింట్లోకి పారిపోయాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నావు.

చెప్పాల్సింది ఆ రోజే. తర్వాత పిల్ల చిన్నదన్నాను. తర్వాత దేశం ఇంకా అదే దేశం కదా అన్నాను. గోడ పడ్డాక, ఫైలు చదువుతావు, దానంతటదే తెలుస్తుందని ఎదురుచూశాను. పోస్టుమాన్ మీ గుమ్మం ఎక్కినప్పుడల్లా కిటికీ పరదా చాటు నుంచి చూసేదాన్ని. నువ్వు చదవలేదు. చదవనన్నావు. నాకప్పుడు ఏమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. నువ్వు నీ అన్నని పూర్తిగా పోగొట్టుకుంటుంటే పక్కన కూర్చుని నేను హమ్మయ్య అనుకున్నాను. నంబర్లన్నీ రాసుకునేవాడివి, ఇది కూడా రాసుకో.

ఏమిటి?

ఎగోన్‌కి తెలుసా అంటావా...

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది లోటార్. చచ్చిపోయిన మనిషి, నీకు మిగిలిన ఒక్క స్నేహితుడు, నాకు పోయేదేముంది? కానీ ఇంకొక అబద్ధం మోయలేను.

తెలుసు. ఆ బుధవారం సాయంత్రమే చెప్పాను. "బిడ్డ పుట్టనీ" అన్నాడు. అంతే. యాభై ఏళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ప్రతి బండిలోనూ కిటికీ సీటు నీకే ఎందుకిచ్చేవాడు? నీ కన్నా ముందు ఏ ఇంజన్నైనా చూస్తే, చూడనట్టు తల తిప్పుకుని, నిన్ను ముందు రాసుకోనిచ్చేవాడు. మంచివాడనుకున్నావు. మంచివాడే. నిన్ను ప్రేమించాడు. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ ఒక మనిషిలో ఎలా పడతాయో నన్నడక్కు, ఆ లెక్క నాకూ రాదు.

పోయే ముందు వారం నా చెయ్యి పట్టుకుని, "నేను పోయాక చెప్పు" అన్నాడు. ముందే చెప్పమనే ధైర్యం ఆయనకీ లేదు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం ఇక్కడికి వస్తున్నాను, కేకు పట్టుకుని, ఈ రోజు చెబుతాను, ఈ రోజు చెబుతాను అని. కేకు తిని ఇంటికి పోతున్నాను. మార్లీస్ ఫోను రాకపోతే ఇంకా తింటూనే ఉండేదాన్నేమో.

అదిగో, మైకులో చెబుతున్నారు. మన బండే. నలభై నిమిషాల ఆలస్యం, చివరికి.

లే. నా మీద కోపం ఇక్కడ కూర్చుని కూడా పడొచ్చు, బండిలో కూర్చుని కూడా పడొచ్చు. బండిలో అయితే హాలె చేరతావు. రెండు గంటల దారి. స్టేషన్లో మార్లీస్ కూతురు ఉంటుంది, ఎర్ర టోపీ పెట్టుకుంటానంది, నువ్వు పోల్చుకోవాలని. ఆ అమ్మాయిని నువ్వెప్పుడూ చూడలేదు. మీ అన్న కూతుర్ని, నలభై రెండేళ్ళ దాన్ని!

నేనూ రానా? ... సరే, సరే. వద్దు. అడగకూడనిది అడిగాను.

సంచి నేను అందిస్తాను... సరే, నువ్వే పట్టుకో. మెట్టు ఎత్తుగా ఉంది, చూసుకుని ఎక్కు.

లోటార్, ఒక్క మాట. ఇటు చూడక్కర్లేదు, వింటే చాలు. ఆర్నోకి మాట రాదు గానీ వినబడుతుందని నర్సు చెప్పిందట. నువ్వు వెళ్ళి మంచం పక్కన కూర్చుని "పొరపాటు పడ్డాను అన్నయ్యా" అని ఏదో గొణుగుతావు. అది చాలదు. ఎవరో చెప్పు. వాడు ఎవరి బదులు యాభై ఏళ్ళు మోశాడో వాడికి తెలియాలి. రోస్విటా లిండిగ్ అని చెప్పు. ఆ రోజు నీ పేరు నేను పూర్తిగా, గట్టిగా, చివరి అక్షరం దాకా పలికాను, రాసుకునేవాడికి పొరపాటు రాకుండా. నాది కూడా అలాగే పలుకు.